తాండూరు పప్పు ఉడకని చోటు

సైనిక సరఫరా డిపోల్లో కొత్తగా ఉద్యోగం దొరికిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పెద్దాయన కదా, నాలుగు కిటుకులు చెబుతాడని ఆశ. మూటలు ఎలా పేర్చాలి, ఎలుకల్ని ఎలా ఆపాలి, రైల్వే వాళ్ళను ఎలా మంచి చేసుకోవాలి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "చైనా యుద్ధం అప్పుడు తాండూరు పప్పును అందరికంటే ముందు పంపించింది మీరేనట కదా సార్" అని. నేను వెంటనే మాట మారుస్తాను. మారకపోతే టీ తెమ్మని లోపలికి కేకేస్తాను.

ఇది ఆ పప్పు గురించే. దాన్ని అంత తొందరగా పంపినందుకు నన్ను మెచ్చుకున్నారు. అదే పప్పు వల్ల తాండూరు వంటవాడొకడు తన చేతి మీద నమ్మకం పోగొట్టుకుని ఇంటికి వచ్చాడు. ప్రమోషన్లు, బదిలీలు, కాగితాల గొడవ ఇక్కడ రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఉండేవే. ఈ ఉద్యోగంలో నేను తలెత్తుకోలేకపోయిన సంగతి మాత్రం రాస్తాను. ఇందులో చేరేవాళ్ళకు కిటుకుల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

పికెట్ దగ్గర ఒక పూట

పోలీసు చర్య జరిగిన ఏడాదే నేను పనిలో చేరాను. వికారాబాదు స్టేషన్‌కు అవతల సైన్యం గుడారాలు వేసింది. ఉర్దూ చదివినవాడు, తెలుగు వచ్చినవాడు, ఇంగ్లీషు అక్షరాలు పోల్చుకోగలిగినవాడు కావాలన్నారు. మాది కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. మా నాయన నన్ను ఉర్దూ బడికి పంపినందుకు ఊళ్ళో నవ్వినవాళ్ళే, నాకు సర్కారు నౌకరీ వచ్చాక ఇంటికొచ్చి కూర్చున్నారు. నేను కూడా తక్కువ తినలేదు. గుమాస్తా పనికే కలెక్టరుగిరీ దొరికినంత టెక్కు పోయాను.

నాకు పని నేర్పింది ఒక పంజాబీ సుబేదారు. తెల్ల గడ్డం, నెమ్మదైన గొంతు, ఎవరినీ తిట్టగా చూడలేదు. తాండూరు రోడ్డు మీద ఒక పికెట్ ఉండేది, అంటే కొద్దిమంది సిపాయిలు కాపలా ఉండే చోటు. వాళ్ళకు ఎడ్లబండి మీద రేషన్ పంపే పని నాది. బండి కట్టించాను, మూటలు ఎక్కించాను, రసీదు తెచ్చుకున్నాను. సాయంత్రం సుబేదారు అడిగాడు.

"పికెట్ జవాన్లు తిన్నారా?"

"పంపించాను సాబ్."

"నేను అడిగింది అది కాదు."

మరుసటి బండి మీద నన్నే పంపాడు, వాళ్ళతో కూర్చుని తిని రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే ఆ సిపాయిలంతా అరవ దేశం వాళ్ళు. పుట్టి బుద్ధెరిగి రొట్టె చేసినవాళ్ళు కారు. నేను పంపిందేమో గోధుమపిండి. వాళ్ళు దాన్ని నీళ్ళలో కలిపి, అంబలిలా కాచి, ఉప్పు వేసుకుని తాగుతున్నారు. మిగిలిన పిండిని పక్క ఊరి వాళ్ళకిచ్చి జొన్నలు తెచ్చుకున్నారు. నాకూ ఒక గిన్నెడు పోశారు. ఆ జిగురు గొంతు దిగలేదు. పోసినవాడు మాత్రం మర్యాదగా నా వైపే చూస్తూ నిలబడ్డాడు.

తిరిగొచ్చాక సుబేదారు ఏమీ అడగలేదు. నా ముఖం చూసి, "నువ్వు పిండి పంపింది బండికి. జవానుకు కాదు" అన్నాడు. అప్పటి నుంచి ఏ మూట కదిలినా, దాన్ని తినేవాడు ఎవడని కనుక్కునేవాణ్ణి. కొన్నేళ్ళు ఆ అలవాటు ఉంది. సుబేదారు పింఛను తీసుకుని వెళ్ళిపోయాక, మెల్లగా అదీ వెళ్ళిపోయింది.

మహబూబ్ పరిచయమైంది ఆ రోజుల్లోనే. తాండూరు స్టేషన్ వెనక గల్లీలో ఉండే కుర్రవాడు, పెళ్ళి దావతుల్లో వంట చేసే ఇంట్లో పుట్టాడు. మా క్యాంపు వంటశాలలో పనికి కుదిరాడు. కందిపప్పు, సొరకాయ, మాంసం వేసి అతను చేసే దాల్చా తిన్నవాడు మరో ముద్ద అడగకుండా లేచేవాడు కాదు. సైన్యంలో వంటవాడిగా చేర్చుకోమని అతని తరఫున మాట్లాడింది నేనే. వెళ్ళేటప్పుడు, "మీ పేరు ఖరాబు చెయ్యను సాబ్" అని నా చేతులు పట్టుకున్నాడు.

గోడ మీది నల్లబల్ల

చైనా యుద్ధం వచ్చేనాటికి వికారాబాదు డిపోలో సరుకంతా నా చేతి కిందికి వచ్చింది. కొత్తగా వచ్చిన మేజరు చురుకైన మనిషి, మంచివాడు. మా డిపో నత్తనడక చూసి తట్టుకోలేకపోయాడు. రాగానే గోడకు ఒక నల్లబల్ల కొట్టించాడు. పైనుంచి ఇండెంటు, అంటే ఫలానా సరుకు కావాలన్న కబురు వచ్చాక వ్యాగన్ ఎంత తొందరగా కదిలిందో దాని మీద సుద్దముక్కతో రాయించేవాడు. ఏ డిపో ముందుంది, ఏది వెనకబడింది అన్నది అందరికీ కనబడాలి. ముందున్నవాడికి షేక్‌హ్యాండు, వెనకబడ్డవాడికి చివాట్లు.

ఆ బల్ల తప్పని నేను ఇప్పటికీ అనను. అంతకు ముందు మా దగ్గర వ్యాగన్లు అడ్డగోలుగా పడి ఉండేవి. అడిగేవాడు లేడు. బల్ల వచ్చాక హమాలీలు మొదలు స్టేషన్ మాస్టరు దాకా అందరూ పరుగెత్తారు. నేను కూడా లోడింగు పద్ధతి మార్చాను. తాండూరు మిల్లుల్లో కొన్న పప్పును వికారాబాదు తెచ్చి, దించి, మళ్ళీ ఎక్కించే తంతు తీసేసి, తాండూరులోనే పరీక్ష చేయించి అక్కడి సైడింగులోనే, అంటే స్టేషన్ పక్క పట్టాల మీదే, వ్యాగన్‌కు ఎక్కించాను. అది మంచి పనే. కానీ ఆ బల్ల మీద వ్యాగన్ కదిలిన సంగతి తప్ప మరొకటి రాసే చోటు లేదు. చోటు లేనిదాన్ని ఎవరూ అడగలేదు. సుబేదారు దగ్గర పని నేర్చుకున్న నేనైనా అడగాల్సింది. నాకూ ఆ బల్ల మీద మా డిపో పేరు పైన చూసుకోవడమే పండగైపోయింది.

మసూర్ ఎవరు తింటారు

ఆ చలికాలం కొండల మీది దళాలకు పప్పు కావాలని ఇండెంటు వచ్చింది. అందులో మసూర్ పప్పు అని ఉంది. అది లేకపోతే దానికి సాటివచ్చే మరో పప్పు పంపవచ్చని కూడా ఉంది. మసూర్ మా వైపు పండదు. ఉత్తరాది నుంచి రావాలి, వచ్చేదాకా ఆగాలి. ఆగితే బల్ల మీద మేము వెనకబడతాం.

మసూర్ అంటే మా ప్రాంతంలో ఉన్న చిన్నచూపు ఇక్కడ చెప్పాలి. కందులు పండే నేల మాది. ఇంటికొచ్చిన చుట్టానికి వేరే పప్పు వండి పెడితే అవమానంగా చూసే మనుషులం. మా తాండూరు పప్పు ఇట్టే ఉడుకుతుందని, వెన్నలా మెత్తబడుతుందని, వాసనకే ఆకలేస్తుందని చెప్పుకోని వాడు ఉండడు. నేను మేజరు గదిలోకి వెళ్ళి గట్టిగానే అన్నాను.

"ప్రాణాలకు తెగించి కొట్లాడేవాళ్ళకు మసూర్ పెడతామా సార్? పక్కనే తాండూరు ఉంది. కందిపప్పు పంపుదాం."

"సాటివచ్చేదేనా?"

"సాటి ఏమిటి సార్, దాని తాత."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆ ఇండెంటు మసూర్ అని ఎందుకు అడిగిందో ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఎవరో ఉత్తరాది అధికారి తన నోటి రుచి కొద్దీ రాసుంటాడులే అనుకున్నాను.

తాండూరు మిల్లులవాళ్ళు మంచి రకం ఏరి ఇచ్చారు. సంచుల మీద ఊరి పేరు ఎర్ర రంగుతో అచ్చు కొట్టించింది నేనే. ఎక్కడో మంచు కొండల్లో సంచి విప్పినవాడు మా తాండూరు పేరు చదువుకోవాలని నా సరదా. మొదటి వ్యాగన్ కదిలే రోజు స్టేషన్‌కు ఊరు ఊరంతా వచ్చింది. వ్యాగన్ తలుపుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మసీదు పెద్దాయన దువా చేశాడు. హమాలీలు కూలి వద్దన్నారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ వారమే బల్ల మీద మా డిపో పేరు అన్నిటికన్నా పైకి వెళ్ళింది. మేజరు అందరి ముందు నా భుజం తట్టాడు. నేను గాల్లో తేలిపోయాను.

మాఫీ అడగడానికి వచ్చినవాడు

యుద్ధం ఆగినా దళాలు కొండల మీదే ఉన్నాయి, మా వ్యాగన్లూ పోతూనే ఉన్నాయి. తర్వాతి వేసవిలో మహబూబ్ డిపోకు వచ్చాడు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. మనిషి సగమయ్యాడు. చేతికర్ర ఊతంగా కుంటుతున్నాడు. మంచుకు కాలి వేళ్ళు పోయాయని, నౌకరీలోంచి పంపించేశారని చెప్పాడు. కుర్చీ వేయిస్తే కూర్చోలేదు.

"కూసోనీకి రాలేదు సాబ్. మాఫీ అడుగుదామని వచ్చిన."

"మాఫీ ఎందుకు?"

"మీరు మన ఊరి పప్పు పంపిన్రు. నేను దాని ఇజ్జత్ తీసిన."

సంచి మీద ఊరి పేరు చూసిన రోజు అతను దాన్ని కావలించుకున్నంత పని చేశాడట. దళంలో అందరికీ చెప్పాడట, ఇగ చూడున్రి, పప్పంటే ఏందో ఇయ్యాల తింటరు అని. పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళు మరిగాయి. పప్పు ఉడకలేదు. ఎంతసేపు కూర్చున్నా గింజ గింజగానే ఉంది.

"ముందుగాల నానబెడ్తె ఉడుకుతదేమో అని నానబెట్టిన, నీళ్ళు గడ్డ కట్టినయ్. చుక్క ఆముదం ఏసిన. రాయితోటి దంచిన. ఏం జేసినా గట్లనే. గ్యాస్‌నూనె, గదే కిరసనాయిలు, అంతా నా పొయ్యికే అయిపోయింది సాబ్. గా నూనె మనుషులు ఈపున మోసుకొని కొండెక్కుతరు. జవాన్లు నన్ను ఏమన్నరో తెల్సా? తాండూరోన్నంటివి గదరా, నీకు పప్పు ఉడకబెట్టనీకే రాదా అన్నరు."

వంట నుంచి తీసేసి అతన్ని పొయ్యిలోకి కట్టెలు ఏరుకురావడానికి, మంచు తవ్వి నీళ్ళకు తేవడానికి వేశారు. వేళ్ళు పోయింది అప్పుడే. ఆ సంగతి మామూలుగా చెప్పాడు. అతని బాధ దాని గురించి కాదు.

"నా చెయ్యి పోయింది సాబ్. పప్పు మంచిదే. నా చెయ్యే ఖరాబైంది. మీరు నా తరఫున మాట్లాడిన్రు, మీ పేరు పోగొట్టిన."

నేనేమన్నాను? ఏం ఫికర్ పడకు, అందరికీ అవుతుంటాయిలే అన్నాను. క్షమించినట్టు మాట్లాడాను. రెండు చేతులతో సలాం చేసి వెళ్ళిపోయాడు. అతను గేటు దాటేదాకా చూసి, పాపం మంచి వంటవాడు అనుకుని పనిలో పడ్డాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నవ్వు ఆగిపోయింది

కొన్నాళ్ళకు సరుకు తనిఖీకి ఒక మిలటరీ డాక్టరు వచ్చాడు. కొండల మీద పనిచేసి దిగివచ్చిన మనిషి. భోజనం దగ్గర కబుర్లలో పడ్డాం. ఆయన్ను నవ్విద్దామని మహబూబ్ కథ చెప్పాను. తాండూరులో పుట్టి పప్పు ఉడకబెట్టలేకపోయిన వంటవాడు అంటూ, పొయ్యి ముందు అతను పడిన పాట్లు చేతులు తిప్పుతూ చేసి చూపించాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డాక్టరు నవ్వలేదు.

"అక్కడికి కందిపప్పు పంపిందెవరు?"

నా చేయి గాల్లోనే ఆగిపోయింది.

ఆయన చెప్పిన సంగతి చాలా చిన్నది. అంత ఎత్తున గాలి పలచన. నీళ్ళు తొందరగానే మరుగుతాయి కానీ ఆ మరుగులో ఇక్కడి వేడి ఉండదు. కందిపప్పులాంటిది రోజంతా పెట్టినా మెత్తబడదు. గట్టి మూత బిగించి ఆవిరి బయటికి పోకుండా వండే పాత్రలుంటే వేరే సంగతి, మామూలు గిన్నెల్లో ఎవరి తరమూ కాదు. మసూర్ చిన్న గింజ కాబట్టి ఎలాగో ఉడుకుతుంది. ఇండెంటులో మసూర్ అని రాసింది అందుకే. ఎవరి నోటి రుచీ కాదు.

నా ముందున్న పళ్ళెంలో పప్పన్నం కలిపి ఉంది. కలిపిన ముద్దను పళ్ళెంలోనే వదిలేశాను. వెనకటి పికెట్ దగ్గరి జిగురు గిన్నె గుర్తొచ్చింది. అప్పుడు నాకు తెలియదు. ఈసారి అడగాలని తెలిసి కూడా అడగలేదు. పైగా చెయ్యి పోయిందని ఏడ్చినవాణ్ణి పదిమందిలో ఆడించి నవ్వించాను. డాక్టరు ముందు, వడ్డించే కుర్రాళ్ళ ముందు, ఎవరి ముఖమూ చూడలేక చెయ్యి కడుక్కుని లేచాను.

తాండూరు సైడింగు

మర్నాడే తాండూరు వెళ్ళాను. మహబూబ్‌కు సంగతి చెప్పాలి, అంతే నా బుర్రలో ఉంది. రైలు దిగేసరికి సైడింగులో మా వ్యాగన్ నిండుతోంది. ఎర్ర అచ్చు కొట్టిన సంచులు. హమాలీలు సలాం చేస్తే తల ఊపి ముందుకు నడిచాను. చేయబోతున్న మంచిపని మీద నాకే కాస్త గర్వంగా కూడా ఉంది.

మహబూబ్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్య రజియా లోపల జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు వినబడుతోంది. అతను వచ్చినప్పటి నుంచి పొయ్యి దగ్గరికి రాలేదని, దావతులకు పిలిచినా పోవడం లేదని ఆమే చెప్పింది.

"పిలుస్తనే ఉన్నరు సాబ్. నా చేతితోటి వండితే పెండ్లి ఖరాబైతదంటడు. పిండి గిర్నీ కాడ కూసుంటడు, గా సంపాదనతోటే ఎల్లదీస్తున్నం."

నేను చెప్పడం మొదలుపెట్టాను. గాలి సంగతి, నీళ్ళ సంగతి, మసూర్ సంగతి. ఇండెంటులో ఏముందో, నేను మేజరు గదిలో ఏమన్నానో, అదీ చెప్పాను.  మహబూబ్ తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. రొట్టెల చప్పుడు ఆగిపోయింది. రజియా గుమ్మంలో నిలబడింది.

"అంటే గీయన చెయ్యి మంచిగనే ఉందా?" అంది.

"మంచిగనే ఉందమ్మా. ఎవరు వండినా అక్కడ ఉడకదు."

"మీకు ఎన్నడు తెలిసింది?"

"నిన్న."

"పంపే ముందుగాల జర ఎవర్నన్న అడిగుంటే అయిపోతుండె గద సాబ్."

ఆమె గొంతు పెంచలేదు. పైగా సాబ్ అంది. నేను అరుగు మీది దుమ్ము చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగంలో ఎంతోమంది అధికారులు ఎన్నో అన్నారు. అవేవీ నాకు తగలలేదు. ఆమె మాటకు మాత్రం ఆ అరుగు మీద కూర్చోవడానికి నాకు అర్హత లేదనిపించింది.

మహబూబ్ తల ఎత్తాడు.

"గిప్పుడు గా కొండల మీదికి ఏం పోతున్నది సాబ్?"

 సైడింగులో నిండుతున్న వ్యాగన్‌ను నా కళ్ళతో చూసి, తల ఊపి వచ్చాను. నిన్నటి నుంచి నా సిగ్గు గురించి ఆలోచించాను తప్ప, ఆ పప్పు గురించి ఆలోచించలేదు.

"ఇదే పోతోంది" అన్నాను.

అతను కర్ర అందుకున్నాడు. నాకన్నా ముందు స్టేషన్ వైపు కుంటుకుంటూ నడిచాడు. నేను వెనక వెళ్ళాను.

మేము వెళ్ళేసరికి వ్యాగన్ తలుపు వేసి సీలు కొట్టేశారు. సీలు తెంపడం చిన్న నేరం కాదు. పైనుంచి రాతపూర్వకంగా హుకుం రావాలి. నేను తెంపాను. సంచులు దించమన్నాను. హమాలీల పెద్ద సాయన్న అయోమయంగా చూశాడు. మొదటి వ్యాగన్ నాడు కూలి వద్దన్నవాళ్ళలో ముందున్నది ఆయనే.

"ఎందుకు దించాలె సాబ్? మన పప్పు ఖరాబైందా?"

అంతమంది ముందు, తాండూరు స్టేషన్‌లో, తాండూరు వాళ్ళతో ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

"పప్పు బాగానే ఉంది. ఆ కొండల మీద ఉడకదు. పంపకూడని చోటికి నేను పంపాను. మహబూబ్ చేతిలో తప్పేమీ లేదు."

 కుంకుమ పెట్టిన వ్యాగన్లు, కొట్టిన కొబ్బరికాయలు, చేసిన దువా అందరికీ గుర్తొచ్చి ఉంటాయి. సాయన్న నా వైపు చూడకుండా మహబూబ్ వైపు చూశాడు. తర్వాత మొదటి సంచి భుజానికెత్తుకుని దించాడు. మిగతావాళ్ళూ కదిలారు.

సీలు తెంపినందుకు నాకు శిక్ష పడింది, మేజరే నిలబడి దాన్ని తగ్గించాడు. నల్లబల్ల మీద మా పేరు కిందికి పోయింది. మసూర్ రావడం మొదలయ్యాక సరుకు ఎవరు తింటారు, ఎక్కడ వండుతారు, దేనిలో వండుతారు అని రాసే చోటు ఆ బల్ల మీద నేనే గీయించాను. కొత్తగా చేరేవాళ్ళు దాన్ని నా తెలివి అనుకుంటారు. అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఆ రోజు చివరి సంచి దిగేదాకా మహబూబ్ కర్ర మీద ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఇక ఇంటికి పోదాం పద అని భుజం మీద చెయ్యి వేశాను. అతను కదల్లేదు. పట్టాల వైపే చూస్తున్నాడు.

"గిది ఆపిన్రు సాబ్, మంచిగైంది. ముందుగాల పోయిన పప్పు గాడ ఉన్నది గద. నా జాగల ఇంకొకడు పొయ్యి ముంగట కూసొని, తన చేతినే తిట్టుకుంటుంటడు. ఆనికి ఎవరు చెప్తరు?"

అతని భుజం మీంచి నా చెయ్యి తీసేశాను.